పడి పడేసే విద్య

జూడోలో ఒక జాతి పట్లున్నాయి. మామూలు పట్టులో మనం నిలబడి ఎదుటిమనిషిని కింద పడేస్తాం. ఈ జాతి పట్టులో ముందు మనమే వెల్లకిలా పడిపోతాం. మన ఒంటి బరువూ, పడే ఊపూ కలిసి ఎదుటిమనిషిని లాక్కొచ్చి మన మీదుగానో, పక్కగానో అవతల పడేస్తాయి. ఇంగ్లీషులో వీటిని శాక్రిఫైస్ త్రోలంటారు. జపనీస్ పేరు సుతెమి వాజా. సుతె అంటే పారెయ్యడం, మి అంటే ఒళ్ళు, వాజా అంటే పట్టు. ఒంటిని పారేసే పట్టు అన్నమాట. ఇందులో దేవుడూ లేడు, బలిపీఠమూ లేదు. ఇంగ్లీషులోకి తెచ్చినవాళ్ళు, లాటిన్‌లో పవిత్రం చెయ్యడమనే అర్థం నుంచి పుట్టిన మాటొకటి తెచ్చి దీనికి అంటించారు. దాన్ని మనం మళ్ళీ తెలుగు చేసుకుంటే ‘త్యాగపు పట్టు’ అవుతుంది. మొదటిసారి అలా అనుకుని నాలో నేనే నవ్వుకున్నాను. నవ్వు అయిపోయాక కూడా ఆ మాట నన్ను వదల్లేదు. తను పడితే ఎదుటివాడు పడతాడని లెక్క కట్టుకుని మరీ పడేదాన్ని త్యాగం అనొచ్చా? అసలు ఏ లెక్కా లేని త్యాగం ఎక్కడైనా ఉందా?

నలభై ఆరేళ్ళ వయసులో, పగలంతా క్లయింటు మీటింగుల్లో కూర్చుని నడుం పట్టేసిన ఆడమనిషికి జూడో ఎందుకని మీరు అడగొచ్చు. మా అమ్మా అదే అడిగింది. మేముండేది కాలిఫోర్నియాలో, శాన్ హోసేకి దగ్గర్లో. మా అమ్మాయిని పదేళ్ళప్పుడు జూడో క్లాసులో చేర్పించి, గోడవారన బెంచీ మీద లాప్‌టాప్ పెట్టుకుని రెండేళ్ళు కూర్చున్నాను. ఒకరోజు అక్కడి గురువుగారు, ఎనభైకి దగ్గర పడిన జపనీస్ అమెరికన్, “ఆ బెంచీ మీద అంతసేపు కూర్చోవడం కన్నా చాప మీద పడటం తక్కువ ప్రమాదం” అన్నారు. అమ్మాయి ఆ తర్వాత జూడో మానేసి వయొలిన్ పట్టుకుంది. నేను మిగిలిపోయాను.

జూడో గురించి తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. జిగొరో కానో అనే ఆయన 1882లో టోక్యోలో ఒక బౌద్ధాలయంలో, పన్నెండు చాపల గదిలో కొడోకాన్ అనే బడి పెట్టి, పాత జుజుత్సు పట్లని ఏరి, దులిపి, దీన్ని తయారుచేశాడు. ఆయన స్వతహాగా పంతులు. మనకూ ఇది పూర్తిగా కొత్త కాదు. రవీంద్రనాథ్ ఠాగూర్ 1929లో షింజో తకగాకి అనే జూడో గురువుని జపాన్ నుంచి శాంతినికేతన్‌కి పిలిపించి పిల్లలకి నేర్పించాడు. కొడోకాన్ వాళ్ళు 1920లో సవరించిన పాఠక్రమంలో మొత్తం 40 పట్లు, అయిదు తరగతులుగా ఉన్నాయి. మొదటి రెండు తరగతుల్లోని 16 పట్లలో సుతెమి ఒక్కటీ లేదు. మూడో తరగతిలోనే మొదలవుతుంది. ఎందుకలా అని మా గురువుగారిని అడిగితే, “ముందు నిలబడటం రావాలి. నిలబడటం రానివాడు పడితే అది పట్టు ఎలా అవుతుంది? పడిపోవడం అవుతుంది” అన్నారు.

నేను నేర్చుకున్న మొదటి సుతెమి, తొమోయె నాగె. పాత సినిమాల్లో హీరో కింద పడి, కాలు విలన్ పొట్టకి ఆనించి, తల మీదుగా అవతలికి విసిరేస్తాడే, అదే. సినిమాలో చూస్తే ఇంతేనా అనిపిస్తుంది. చెయ్యడానికి నాకు పద్నాలుగు నెలలు పట్టింది.

ముందు ఎదుటిమనిషి ముందుకి తూలాలి. మనం లాగితే తూలరు, ఎవరైనా బిగుసుకుంటారు. అందుకని ముందు కొంచెం వెనక్కి తోస్తాం, వాళ్ళు తిరిగి మన మీదికి తోస్తారు, ఆ తోపునే తీసుకుంటాం. ఆ క్షణంలో ఒక కాలు వాళ్ళ రెండు పాదాల మధ్యకి బాగా లోపలికి వెయ్యాలి. రెండో పాదం వాళ్ళ బెల్టు ముడికి కాస్త కింద, పొత్తికడుపు మీద ఆనించాలి. తన్నకూడదు, ఆనించాలి. అప్పుడు మన మడమకి ఆనుకుని కూర్చున్నంత దగ్గరగా కూర్చుండిపోయి, వెనక్కి దొర్లాలి. చేతులు వదలకూడదు. ఎదుటిమనిషి బరువు మన పాదం మీదుగా గిర్రున తిరిగి మన తల అవతల పడుతుంది.

కష్టమంతా ఆ కూర్చోవడంలో ఉంది. భయపడేవాళ్ళు దూరంగా కూర్చుంటారు. దూరంగా కూర్చుంటే మన పిర్రలు ఎక్కడో, వాళ్ళ బరువు ఎక్కడో. వాళ్ళు ఎగరరు, నేరుగా మన మీద కూలబడతారు. పోటీలోనైతే అంతకన్నా ఘోరం, మనం అప్పటికే వెల్లకిలా పడుకుని ఉన్నాం కాబట్టి వాళ్ళు తీరిగ్గా పైన పరుచుకుని ఇరవై సెకన్లు అదిమి పట్టుకుంటే ఆట అయిపోతుంది. అంటే ఈ పట్టులో సగం చెయ్యడమనేది లేదు. సగం పడితే పూర్తిగా ఓడిపోయినట్టే. ప్రమాదం నుంచి ఎంత దూరం జరిగితే అంత ప్రమాదం. ఎదుటిమనిషి బరువు కిందికి, సరిగ్గా ఎక్కడ పడితే నలిగిపోతామనిపిస్తుందో అక్కడికి, మనంతట మనం వెళ్ళాలి.

ఇంకో తంటా చెయ్యి. మనిషి వెనక్కి పడుతుంటే చెయ్యి దానంతటదే వెనక్కి పోయి నేలని ఆపుదామని చూస్తుంది. అలా పెట్టిన చెయ్యే మణికట్టు దగ్గర విరుగుతుంది. అందుకే జూడోలో అన్నిటికన్నా ముందు నేర్పేది ఉకెమి, పడే పద్ధతి. గడ్డం ఛాతీకి ఆనించి, వీపు గుండ్రంగా చేసి, అరచేయి, ముంజేయి మొత్తం ఒకేసారి చాప మీద చరచాలి. దెబ్బ ఒకచోట తగలకుండా ఒళ్ళంతా పంచుకుంటుంది. (ప్రవాసులకి ఈ వెనక చెయ్యి గురించి వేరే చెప్పక్కర్లేదు. మన ఓసీఐ కార్డు, ఊళ్ళో అమ్మకుండా ఉంచుకున్న స్థలం, ఎప్పటికైనా వెళ్ళిపోతామనే మాట, ఇవన్నీ వెనక పెట్టుకున్న చేతులే కదా. వాటిని నేను తప్పు పట్టను. పడేటప్పుడు విరిగేవి అవే అని మాత్రం గమనించాను.)

సరే, ఇది త్యాగమా?

చదరంగం ఆడేవాళ్ళు ఈ గొడవ ఎప్పుడో పడ్డారు. రుడోల్ఫ్ స్పీల్‌మన్ అని ఆస్ట్రియా ఆటగాడొకాయన 1935లో చదరంగంలో బలుల మీద ఒక పుస్తకం రాశాడు. అందులో ఆయన బలుల్ని రెండు రకాలుగా విడదీశాడు. పావు ఇచ్చేస్తే మూడెత్తుల్లో అంతకన్నా విలువైనది తిరిగొస్తుందని ముందే కనిపిస్తుంటే అది ఉత్తుత్తి బలి. ఏమొస్తుందో చివరిదాకా లెక్క తేలకుండా, ఆట తీరుని నమ్మి ఇచ్చేస్తే అది అసలైన బలి. నాకు ఈ విభజన బాగా నచ్చింది. ఇందులో ఫలితం ఆశించావా లేదా అన్న ప్రశ్నే లేదు. ఆశిస్తాడు, గెలవడానికే కదా కూర్చున్నాడు. తేడా అల్లా ఫలితం ఎంత ఖాయంగా కనబడుతోందన్నదే. మా ఎమ్మెస్‌లో చదువుకున్న ఒక పద్ధతి కూడా ఇలాంటిదే. ఎప్పుడూ మెరుగైన అడుగే వేస్తానని పట్టుపట్టే ప్రోగ్రాము దగ్గర్లో ఉన్న చిన్న గుట్టెక్కి అదే కొండ శిఖరమనుకుని ఆగిపోతుంది. అప్పుడప్పుడు తెలిసీ కిందికి దిగే అడుగు వెయ్యనిస్తే పెద్ద కొండ దొరికే అవకాశం ఉంటుంది. ప్రోగ్రాముకి నొప్పి లేదు కాబట్టి దాని దిగుడుని ఎవరూ త్యాగం అనరు, అది వేరే సంగతి.

మన కథల్లో త్యాగమంటే కర్ణుడు. 1977లో ఎన్టీఆర్ తీసిన దానవీరశూరకర్ణ చూస్తూ పెరిగిన తరం మాది, కవచకుండలాల ఘట్టమంటే కళ్ళు చెమరుస్తాయి. అయితే భారతంలో, వనపర్వంలో ఉన్న కథ కొంచెం వేరుగా నడుస్తుంది. ఇంద్రుడు బ్రాహ్మణవేషంలో వచ్చి అడుగుతాడని సూర్యుడు కర్ణుడికి ముందే కలలో చెబుతాడు. ఇవ్వొద్దంటాడు. కీర్తి కావాలి, ఇస్తానంటాడు కర్ణుడు. అలాగైతే బదులుగా శక్తి ఆయుధమన్నా అడుగు అంటాడు సూర్యుడు. కర్ణుడు అడుగుతాడు, పుచ్చుకుంటాడు. ఒళ్ళు కోసి ఇచ్చాక చూడటానికి వికారంగా కనపడకూడదని కూడా అడుగుతాడు. అంటే తెలిసి, బేరం చేసి ఇచ్చాడు. ఆ తెచ్చుకున్న శక్తి అర్జునుడి కోసం దాచుకుంటే చివరికి ఘటోత్కచుడి మీద ఖర్చయిపోయింది.

బేరం ఉంది కాబట్టి కర్ణుడిది త్యాగం కాదంటారా? నేననలేను. కవచం ఊడదీసి ఇచ్చిన ఆ పూట అతనికి యుద్ధం ఎలా తిరుగుతుందో తెలీదు. బదులు తీసుకున్నంత మాత్రాన పోయిన కవచం మళ్ళీ ఒంటి మీద మొలవదు.

ఈ విషయంలో మన పాతవాళ్ళు మనకన్నా స్పష్టంగా ఉన్నారనిపిస్తుంది. మీమాంసకులు యాగానికి చెప్పిన లక్షణంలో త్యాగం ఒక భాగం. ఒక ద్రవ్యాన్ని ఒక దేవతని ఉద్దేశించి వదలడం. ఇది అగ్నికి, ఇక నాది కాదు అని నోటితో అని మరీ వదలాలి. స్వర్గం కావాలనే కోరికతో చేసే యాగంలో కూడా ఈ వదలడం ఉంటుంది, అక్కడ కోరిక దీనికి అడ్డు రాలేదు. వదలాల్సింది వస్తువు మీద హక్కుని. భగవద్గీత పద్దెనిమిదో అధ్యాయానికి వచ్చేసరికి త్యాగమనే మాట ఇంకో మెట్టెక్కింది, అక్కడ వదలమన్నది కర్మఫలాన్ని. మనం ఇప్పుడు త్యాగమనగానే ఈ రెండో అర్థంతో కొలుస్తాం. ఏమీ ఆశించకుండా చేశాడా లేదా అని మనిషిని బోనులో నిలబెడతాం. నా మటుకు నాకు ఆ మొదటి, పాత అర్థమే మనుషులకి అందేట్టు కనిపిస్తుంది. ఆశించు, ఫరవాలేదు. ఇచ్చింది మాత్రం నాది కాదను. జూడో పట్టు కూడా ఇక్కడికే వస్తుంది. నా నిలకడ మీద నాకున్న హక్కుని వదిలేస్తాను. గెలవాలనే వదిలేస్తాను. గెలవకపోతే ఆ నిలకడ తిరిగి రాదు.

మా అమ్మ బాపట్లలో ఉంటుంది. జిల్లా పరిషత్తు హైస్కూల్లో తెలుగు పంతులమ్మగా చేసి రిటైరైంది. నాన్న నా ఇంజనీరింగు రెండో ఏట పోయారు. 2002లో నాకు ఇక్కడ సీటొచ్చినప్పుడు అమ్మ మాకున్న ఎకరన్నర మాగాణి అమ్మి మొదటి సెమిస్టరు ఫీజూ, విమానం టిక్కెట్టూ చూసింది. ఆ తర్వాత ఇరవై ఏళ్ళకి పైగా, ఏ పెళ్ళికెళ్ళినా ఎవరో ఒక పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుని “మీ అమ్మ నీ కోసం ఎంత త్యాగం చేసిందే తల్లీ” అనడం, నేను తల దించుకోవడం మామూలైపోయింది. ఒకసారి అమ్మ పక్కనే ఉంది. “త్యాగం లేదు, ఏం లేదక్కా. పొలం అమ్మాను” అంది.

తర్వాత నేను అడిగాను, అలా ఎందుకన్నావమ్మా అని.

“త్యాగమంటే నువ్వు బాకీ పడినట్టు. పొలమైతే అమ్మేశాం, డబ్బొచ్చింది, ఖర్చయింది, అయిపోయింది. ఇప్పుడా పొలంలో ఎవరి వరి ఉందో కూడా నాకు తెలీదు.”

ఆ చివరి వాక్యం అబద్ధమని నాకు అనుమానం. రైలుకట్ట పక్కనే ఉన్న పొలం అది, గుంటూరు వెళ్ళినప్పుడల్లా కిటికీలోంచి కనిపిస్తుంది. అయినా ఆవిడ చెప్పదలుచుకున్నది నాకు అర్థమైంది. చేసినవాళ్ళు దానికి త్యాగమని పేరు పెట్టుకున్న నిమిషం నుంచీ ఇచ్చిన వస్తువు మళ్ళీ వాళ్ళ సొంతమైపోతుంది. చేతిలో లేకపోయినా, పత్రం వాళ్ళ దగ్గరే ఉంటుంది. పిల్లల కోసం అమెరికా వచ్చి పడి ఉన్నామని మన పార్టీల్లో చెప్పుకునేవాళ్ళని చూస్తే నాకు ఇదే గుర్తొస్తుంది. ఆ పిల్లలు పక్కగదిలో వింటూ ఉంటారు. ఎంత బాకీ పడ్డామో, ఏ కరెన్సీలో తీర్చాలో వాళ్ళకి తెలియదు పాపం.

సుతెమి అనే మాటలో ‘మి’ అంటే ఒళ్ళు అని చెప్పాను కదా. ఎవరి ఒళ్ళు అనేది చెప్పక్కర్లేదు, పడేవాడిదే. ఇతరుల ఒంటిని పారేసే పట్టుకి జూడోలో ఈ పేరు లేదు. బయట ప్రపంచంలో మాత్రం ఆ పేరు ధారాళంగా వాడతారు. శాన్ హోసే స్టేట్ యూనివర్సిటీలో యోషిహిరో ఉచిడా హాల్ అని ఒక భవనముంది. అమెరికాలో జూడో నేర్చుకునేవాళ్ళందరికీ ఉచిడా పేరు తెలుసు. 1920లో జపాన్ నుంచి వలసొచ్చిన కుటుంబంలో పుట్టాడు, ఆ యూనివర్సిటీలో దశాబ్దాల తరబడి జూడో నేర్పాడు, 1964లో జూడో మొదటిసారి ఒలింపిక్స్‌లోకి వచ్చినప్పుడు అమెరికా జట్టుకి కోచ్. 2024లో, 104 ఏళ్ళ వయసులో పోయాడు. ఆయన పేరు పెట్టిన ఆ భవనం 1942లో కాలేజీ జిమ్. ఆ ఏడాది ఈ లోయలో ఉన్న జపనీస్ కుటుంబాలని క్యాంపులకి పంపడానికి పేర్లు నమోదు చేసింది అక్కడే. ఉచిడా అప్పుడు అమెరికా సైన్యంలో ఉన్నాడు. ఇంట్లోవాళ్ళు ముళ్ళకంచె వెనక ఉన్నారు. దేశం మొత్తం మీద లక్షా ఇరవైవేల మంది దాకా అలా వెళ్ళారు, వాళ్ళలో మూడింట రెండొంతులు పుట్టుకతో అమెరికన్ పౌరులే. ఇల్లూ, కొట్టూ, పంటా వదిలి కిమ్మనకుండా వెళ్ళడమే దేశం కోసం మనం చేసే త్యాగమని అప్పుడు వాళ్ళలోనే చెప్పినవాళ్ళున్నారు. 1988లో ప్రభుత్వం క్షమాపణ చెప్పి, బతికున్న ఒక్కొక్కరికీ ఇరవైవేల డాలర్లు ఇచ్చింది. త్యాగమైతే క్షమాపణ ఎందుకు?

మా గురువుగారు ఆ క్యాంపు రోజుల్లో పుట్టినవారే. ఆ కాలం గురించి ఆయనకై ఆయన ఎప్పుడూ మాట్లాడరు. నేనే ఒకసారి మీ నాన్నగారు వాళ్ళు చాలా త్యాగాలు చేసి ఉంటారు కదండీ అంటే, “మా నాన్న ఏమీ వదల్లేదు, లాక్కున్నారు” అని బెల్టు సరిచేసుకుని, తరువాతి జంటని పిలిచారు.

వదలడానికీ, లాక్కోబడటానికీ తేడా చాప మీద చాలా తేలిగ్గా తెలుస్తుంది. నేను తొమోయె వేసినా, నన్నెవరో తోసేసినా, బయటినుంచి చూసేవాళ్ళకి ఒకేలా వెల్లకిలా కనపడతాను. తీర్పరి కూడా ఒక్కోసారి పొరబడతాడు. పడ్డవాళ్ళకి మాత్రం సందేహముండదు.

ఇంతవరకూ పడేవాళ్ళ వైపు నుంచే మాట్లాడాను. ఎదుటిమనిషి సంగతేమిటి? ఇది నేను పుస్తకాల్లో ఎక్కువ చూడని వైపు. మన త్యాగధనుల కథలు ఎప్పుడూ త్యాగం చేసినవాడి ముఖం మీదే దీపం పెడతాయి. శిబి తొడ కోసి ఇస్తుంటే చేతిలో ఉన్న ఆ పావురం ఏమనుకుందో ఎవరూ అడగలేదు. జూడోలో అలా కుదరదు, ఎందుకంటే సుతెమి పట్టులో పడేసేవాడి బరువు మొత్తం ఎక్కడో ఒకచోటికి పోవాలి. నిలబడి వేసే పట్టులో నా కాళ్ళు నన్ను మోస్తాయి, కాబట్టి ఎదుటివాళ్ళని నెమ్మదిగా దించగలను. నేనే గాలిలో ఉన్నప్పుడు ఎవరినీ నెమ్మదిగా దించలేను.

తాని ఒతోషి అని ఒక పట్టుంది, లోయలో పడెయ్యడమని అర్థం. ఎదుటివాళ్ళ వెనక కాలు చాపి, పక్కకి కూలబడుతూ వాళ్ళని వెనక్కి లాగాలి. కాలు సరిగ్గా వాళ్ళ వెనకగా వెళితే మంచి పట్టు. కొంచెం తప్పి, మన బరువు వాళ్ళ మోకాలికి పక్కనుంచి తగిలితే ఆ మోకాలు ఇక ఎప్పటిలా ఉండదు. మా దోజోలో బ్రౌన్ బెల్టు వచ్చేదాకా దాన్ని ముట్టుకోనివ్వరు. కానీ బసామి అనే ఇంకో సుతెమి పరిస్థితి ఇంకా తీవ్రం. గాలిలోకి ఎగిరి రెండు కాళ్ళూ కత్తెరలా వేసి అవతలివాళ్ళని వెనక్కి పడేసే పట్టు. 1980 అఖిల జపాన్ పోటీల్లో సుమియో ఎందో ఆ పట్టు వేస్తే, అప్పటికి ఎదురులేని యసుహిరో యమషితా కాలి ఎముక విరిగింది. ఆ పట్టు ఇప్పుడు నిషిద్ధాల జాబితాలో ఉంది. వేసినవాడు తన ఒంటిని పారేసిన మాట నిజమే. విరిగింది మాత్రం అవతలివాడి కాలు.

నాతో ఒక ప్రాజెక్టులో పనిచేసిన స్నేహితుడొకడు 2016లో ఉద్యోగం మానేసి, ఇల్లమ్మి, పక్షవాతం వచ్చిన తండ్రిని చూసుకోవడానికి ఊరెళ్ళాడు. అందరం మెచ్చుకున్నాం. ఇప్పటికీ మెచ్చుకుంటాను. వాళ్ళ నాన్నగారిని ఒకసారి చూడటానికి వెళితే, కొడుకు కాఫీ తేవడానికి లోపలికెళ్ళిన సందు చూసుకుని ఆయన నాతో, “వాడు నా మంచం పక్కన కూర్చుంటే నాకు ఊపిరాడదమ్మా. నేను పోతేగానీ వాడి బతుకు మొదలవదు” అన్నారు. మాట సరిగ్గా తిరగని నోటితో, నెమ్మదిగా, రెండుసార్లు అన్నారు. ఆ కొడుకు చేసింది తప్పంటానా? అనను. చెయ్యకపోయినా ఆ తండ్రి బాధపడేవాడేమో. కానీ ఆ బరువు ఎవరి మీద పడుతోందో నేను చూశాను.

చాప మీద మాకొక మర్యాద ఉంది. సుతెమి సాధన చేసేముందు వంగి నమస్కరించి, “తొమోయె వెయ్యనా?” అని అడుగుతాం. ఎదుటిమనిషికి పడటం వచ్చా, భుజం నొప్పేమైనా ఉందా, ఇవాళ ఓపికుందా అని చూస్తాం. నా జోడీ ఒక ఫిలిప్పీనో ఆవిడ, నర్సు. రాత్రి డ్యూటీ చేసొచ్చిన రోజు మొహమాటం లేకుండా, “ఇవాళ వద్దు, ఇంకేదైనా చేద్దాం” అంటుంది. పట్టు ఎంత బాగా వచ్చినా మోసేవాళ్ళు వద్దంటే వెయ్యం. పోటీలో ఇలా అడగరనుకోండి. కానీ పోటీకి వచ్చినవాళ్ళు వస్తూనే ఆ అనుమతి ఇచ్చి వచ్చారు. ఇళ్ళల్లో మనుషులు అలా అనుమతి ఇచ్చి పుట్టరు.

ఇదంతా తీరిక వేదాంతం కాదు. పోయిన సంవత్సరం అమ్మ వరండాలో నీళ్ళు చూసుకోక జారింది. చెయ్యి వెనక్కి పెట్టింది, మణికట్టు విరిగింది. డెబ్భై అయిదేళ్ళు ఆవిడకి. కట్టు విప్పాక ఎముక అతికింది గానీ వేళ్ళు పూర్తిగా ముడుచుకోవు, సుద్దముక్క పట్టుకోలేనే అంటుంది, ఇప్పుడు సుద్దముక్కతో పనేమిటో మరి. పనమ్మాయి పగలు ఉంటుంది, రాత్రి వెళ్ళిపోతుంది. ఇక్కడికి రమ్మంటే రెండుసార్లు వచ్చి, రెండుసార్లూ మూడో నెల దాటకముందే టిక్కెట్టు ముందుకి జరిపించుకుని వెళ్ళిపోయింది. నేను ఒక్కతే కూతుర్ని. నా కాంట్రాక్టు వచ్చే వేసవితో అయిపోతుంది. దాన్ని పొడిగించుకోకుండా ఒక సంవత్సరం, రెండు సంవత్సరాలు బాపట్లలో ఉంటే? ఈ వయసులో ఈ రంగంలోంచి రెండేళ్ళు బయటికెళితే తిరిగి రావడం ఏమిటో తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు, అందులోనూ ఇప్పుడు. అది నా నిలకడ, నా ఒళ్ళు. దాన్ని వదలడానికి నాకు భయమేగానీ అభ్యంతరం లేదు.

రాత్రి ఎనిమిదింటికి, అక్కడ పొద్దున్నే, ఫోన్ చేసి అమ్మని అడిగాను. వెళ్ళి దిగిపోవడం కాదు, అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. వెనక కుక్కర్ కూత వినపడుతోంది. చివరికి, “వస్తే రా. పై వాటా ఖాళీగానే ఉంది. నీకు ఇక్కడ ఉండాలనిపిస్తే ఉండు. నా కోసం వచ్చానని మాత్రం ఎవరితో అనకు. నాతో అసలు అనకు” అంది.

“మరి ఎందుకొచ్చావని అడిగితే ఏం చెప్పను?”

“జూడో నేర్పడానికొచ్చానని చెప్పు. ఇక్కడ ఆడపిల్లలకి అవసరం.”

నవ్వాం. ఆవిడ సగం నిజంగానే అంది. ఆవిడకి కావలసిన నేల ఎక్కడుందో ఆవిడ చూపించింది, నేను ఎక్కడ పడితే ఆవిడకి దెబ్బ తగలదో అది. మా ఆయన సంగతి తేలికే, పప్పన్నం వండుకోగలనని ఇప్పటికే మూడుసార్లు చెప్పాడు, రెండుసార్లు వండి చూపించాడు కూడా. అసలు చిక్కు మా అమ్మాయి. వచ్చే ఆగస్టులో తనది హైస్కూలు ఆఖరి సంవత్సరం, కాలేజీ అప్లికేషన్లు, వయొలిన్ ఆడిషన్లు. నేను పడితే నా బరువులో కొంత తన మీద పడుతుంది. బామ్మలూ, అత్తయ్యలూ రేపు ఆ పిల్ల చెయ్యి పట్టుకుని, మీ అమ్మ వాళ్ళమ్మ కోసం ఎంత త్యాగం చేసిందో అంటారు. అందులో తనదెంత ఉందో ఎవరూ అనరు.

పోయిన శనివారం కారులో తనని కూడా అడిగాను. ఆర్కెస్ట్రా ప్రాక్టీసుకి వెళుతున్నాం. ఒడిలో వయొలిన్ పెట్టె పెట్టుకుని, “నేను వద్దంటే వెళ్ళవా?” అంది. వెళ్ళనని చెప్పాను. వెంటనే ఔననేస్తుందేమో అనుకున్నాను, పిల్లలకి అదే సులువు కదా. కిటికీలోంచి చూస్తూ, “అయితే నాకు కొంచెం టైమ్ కావాలి” అంది. తొందరేం లేదన్నాను. ప్రాక్టీసు హాలు దగ్గర దిగి, పెట్టె భుజానికి తగిలించుకుని, తలుపు వేసే ముందు ఇంకో ప్రశ్న అడిగింది, బాపట్లలో ఇంటర్నెట్ ఎలా ఉంటుందని. బాగానే ఉంటుందన్నాను. ఇంకా జవాబు చెప్పలేదు.